మచ్చల చేపను వదిలిన చెయ్యి

ఈ మాట తెలిసినవాళ్ళకు చెప్పడానికి నోరు రావడం లేదు. అందుకే ముక్కూమొహం తెలియని మీకు చెబుతున్నాను. నవ్వుతారేమో కూడా. ఒక చేప గురించి. వేలెడంత చేప. అది ఎన్నో ఏళ్ళుగా నా గొంతులో ముల్లై కూర్చుంది. మింగలేను, కక్కలేను. నా మీద నాకే విసుగొచ్చేసింది.

పలాసలో మా అపార్ట్‌మెంటు మెట్ల పక్కన అందరం చందాలేసుకుని పెట్టుకున్న పెద్ద అక్వేరియం ఉండేది. ఎవరింట్లో పిల్లల పుట్టినరోజైనా అందులో ఒక కొత్త చేపను వదలాలి. అది మా ఆనవాయితీ. కాకపోతే ఆ చేపను ముందు కొన్నాళ్ళు విడిగా బకెట్లో ఉంచాలి, జబ్బేమీ లేదని తేలాకే తొట్టిలో వెయ్యాలి. ఈ నియమం పెట్టింది ఎవరనుకున్నారు? నేనే. సెక్రటరీని కదా! నియమం తప్పినవాళ్ళను నలుగురిలో నిలబెట్టి కడిగేసేవాణ్ణి.

మా అమ్మాయి పుట్టినరోజు వచ్చింది. చేప తేవడం నాకు చివరిదాకా గుర్తులేదు. ఆ పొద్దున్నే పరుగెత్తి ఒక బంగారు చేపను తెచ్చాను. దాని రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. చూడలేదని బుకాయించను. మాది జీడిపప్పు వ్యాపారం, పప్పులో పురుగు చిల్లును గుమ్మంలోంచే పట్టేసే కళ్ళు నావి. అంటుజబ్బేమో అనిపించింది. కాదులే అని కూడా అనిపించింది. అప్పటికే అందరూ కిందికి దిగిపోయారు, కేకు కోసేశారు. ఇప్పుడు చేపను వెనక్కి తీసుకుపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నియమం పెట్టినవాడి చేపకే జబ్బా? అమ్మాయి కొత్త గౌను తడుస్తుందని వంక పెట్టి, ఆ చేపను నా చేత్తోనే వదిలాను. నియమం పెట్టినవాణ్ణి కదా, బకెట్లో ఉంచే తెచ్చానని అందరూ అనుకున్నారు.

కొద్ది రోజులకే తొట్టిలో చేపలన్నీ రాళ్ళకు ఒళ్ళు రాసుకోవడం మొదలుపెట్టాయి. అన్నిటికీ చుక్కలే. ఇక సలహాలు చూడాలి! ఒకాయన పసుపు కలపమంటాడు, ఒకావిడ వేపాకు వెయ్యమంటుంది, పై అంతస్తు పెద్దాయన ఏకంగా తొట్టికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు. చేపలకు దిష్టట! తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఎవరిని తిట్టను? అసలు సంగతి నా కడుపులోనే ఉంది కదా. నేను మందు తెచ్చేలోపే చేపలన్నీ తేలిపోయాయి. పిల్లలు ఏడ్చారు. ఈ జబ్బు ఎవరివల్ల వచ్చిందని పెద్దలు మొదలుపెట్టారు.

నీలమ్మ దొరికింది. బారువ నుంచి బస్సులో వచ్చి మా వీధిలో ఎండుచేపలు అమ్మేది. రోజూ బోణీ మా ఇంట్లోనే. మా ఇంటి చెయ్యి మంచిదని ఆమె నమ్మకం. వెళ్తూ వెళ్తూ పిల్లల సరదా కోసం చిటికెడు ఎండు రొయ్యపొట్టు తొట్టిలో వేసేది. ఆ చెయ్యి వల్లే జబ్బు వచ్చిందని తేల్చేశారు. మర్నాడు ఆమెను మెట్ల దగ్గరే నిలదీశారు. బుట్ట దించకుండానే నా వైపు తిరిగింది.

"నా సెయ్యి తగిల్తే సేపలు సచ్చిపోతాయేటి బాబూ? పుట్టినకాడ్నుంచీ సేపల్తోనే గదా బతుకుతన్నాం. నువ్వైనా సెప్పు."

అందరూ నన్నే చూశారు. చేపల సంగతి తెలిసినవాణ్ణి నేనే కదా మరి.

"ఏమో నీలమ్మా, చేతుల్నుంచి కూడా రావచ్చు. కొన్నాళ్ళు ఇటు రాకు."

"నువ్వే సెప్పాక ఇంకేటుంది బాబూ" అని వెళ్ళిపోయింది.

వీధి వీధంతా ఆమె దగ్గర కొనడం మానేసింది. జబ్బు చేప నాదని ఒక్క మాట అంటే ఏమయ్యేది? నాలుగు రోజులు నవ్వుకుని మర్చిపోయేవారు, ఆ పాటి నవ్వుకు భయపడి ఒక మనిషి పొట్టకూటికే ఎసరు పెట్టానని తెలిసి కూడా, ఇవాళ కాదు రేపు చెబుదాం, చేపలన్నీ పోయాక ఇంకెందుకు, ఆమె మరో వీధి చూసుకునే ఉంటుంది అని ఏళ్ళ తరబడి నాకు నేనే జోల పాడుకున్నాను. సిగ్గులేని బతుకు.

మొన్న కాశీబుగ్గ బస్టాండు దగ్గర నీలమ్మ కనిపించింది. గోనె మీద ఎండుచేపలు పరుచుకుని కూర్చుంది. తప్పుకుపోబోయాను. తనే పిలిచింది, ఇంకా బోణీ కాలేదంది. సరే, కాసిని మెత్తళ్ళు ఏరి ఇమ్మన్నాను.

"నువ్వే ఏరుకో బాబూ. నా సెయ్యి మంచిది కాదు గదా. ఇంటికాడ వల కూడా ముట్టుకోడం మానేసినాను."

ఎత్తిపొడుపైతే ఎంత బాగుండేది! కాదు. నమ్మింది. నేను చెప్పాను కాబట్టి నమ్మింది. నిజం నాలిక చివరిదాకా వచ్చింది. బోణీ వేళ చెడ్డ మాటెందుకని అప్పుడూ ఒక సాకు దొరికింది నాకు. డబ్బులిచ్చాను. ఆమె ఆ నోటును కళ్ళకద్దుకుంది.

దీన్ని రాసినంత మాత్రాన ఏదీ సరి కాదు. తెలుసు. కానీ రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ముందు ఇక్కడైనా పూర్తిగా అననివ్వండి.

నీలమ్మా, ఆ చేప నాది. మచ్చలు చూశాను. చూసే వేశాను. నువ్వు వల ముట్టుకో.