చాపెల్ గ్యాలరీపై నా రెండు నివేదికలు

2022 వేసవి చివర్లో మా కంపెనీ నన్ను టొరంటోకు రెండు గంటల దూరంలోని ఒక సంతపట్టణానికి పంపింది. నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని. స్కార్‌బరో ఆఫీసులో పాత కట్టడాల పరిశీలన నా పని. ఆ ఏడాది కాలేజీలు విద్యార్థులతో కిక్కిరిసిపోయాయి. క్లాసురూములు చాలక ఒక ప్రైవేటు కాలేజీ అక్కడి పాత చాపెల్‌ను అద్దెకు అడిగింది. కట్టడం అంతమంది బరువు తట్టుకుంటుందని ఇంజనీరు సీలు వేసి రాసిస్తేనే మునిసిపాలిటీ ఒప్పుకుంటుంది.

అది ఇంగ్లండు రాజచర్చికి తలవంచని క్రైస్తవులు కట్టుకున్న మందిరం. వాళ్లకు పూజాపీఠం కన్నా ప్రసంగం ముఖ్యం. అందుకే ముందు గోడకు సరిగ్గా మధ్యన ఎత్తయిన ప్రసంగవేదిక, మిగతా మూడు వైపులా జనం పైన కూర్చోడానికి బల్లలున్న చెక్క గ్యాలరీ. ఏ బల్ల మీద కూర్చున్నా బోధకుడి ముఖం కనబడుతుంది. గ్యాలరీ కింద ఎనిమిది సన్నని చెక్క స్తంభాలు. బయట ఎర్ర ఇటుక తప్ప ఏ ఆడంబరమూ లేదు. నాకు చూడగానే నచ్చింది.

నచ్చి ఏం లాభం? ఆ వారంలో నాకది నాలుగో భవనం. స్తంభాల అడుగున స్క్రూడ్రైవరు గుచ్చితే మెత్తగా దిగిపోయింది. స్తంభాలు పుచ్చాయి, గ్యాలరీ ప్రమాదకరం, తొలగించాలి అని రాసి, సీలు వేసి పంపేశాను.

తర్వాతి వారం చాపెల్ ట్రస్టీ మార్గరెట్ గారు ఫోన్ చేశారు. ఎనభై దాటిన మనిషి, చిన్నప్పటినుంచీ ఆ గ్యాలరీలో నిలబడి పాడుతున్నారు. నా నివేదిక చూసి కాలేజీవాళ్లు దాన్ని కూల్చడానికి కాంట్రాక్టరును పిలిచేశారట. ఆవిడ బతిమాలలేదు. ఒక్కటే అడిగారు: స్తంభాలు ఎప్పుడో పుచ్చిపోతే గ్యాలరీ ఇంకా ఎందుకు పడలేదు?

ఆ ప్రశ్న నేను వేసుకోనే లేదు. ముందు ఒళ్లు మండింది, తర్వాత సిగ్గేసింది. కాంట్రాక్టరును ఆపించి, మర్నాడే మా జూనియర్ ఇంజనీరు గౌతమితో కలిసి వెళ్లాను. ఆమెది హనుమకొండ. లెవెల్ పెట్టి చూస్తే గ్యాలరీ అంచు ఎక్కడా వంగలేదు. ఒక స్తంభానికీ దాని పైనున్న దూలానికీ మధ్య నా విజిటింగ్ కార్డు దూరింది. అంటే ఆ స్తంభం ఏ బరువూ మోయడం లేదు. గౌతమి నిచ్చెన వేసుకుని కప్పు కింది అటకలోకి వెళ్లింది.

"సార్, మీరు పైకి రాండ్రి!" అని కేకేసింది. "ఈడ ఇనుప కడ్డీలున్నయ్. ఒక్కో నట్టు పిడికిలంత ఉంది. గ్యాలరీ మొత్తం కప్పుకే ఏలాడుతుంది!"

నేను పైకి ఎక్కాక అడిగింది: "మొన్న అటక చూడలేదా సార్?"

"లేదమ్మా. తొందరలో వదిలేశా."

"గట్లెట్ల సార్!" అని వెంటనే నోరు నొక్కుకుంది. నాకు నవ్వక తప్పలేదు.

కప్పు నుంచి గ్యాలరీ దాకా ఉన్న, నేను అలంకారమనుకున్న చెక్క తొడుగుల్లోంచి ఆ కడ్డీలు దిగి గ్యాలరీ దూలాలను పట్టుకున్నాయి. కింది స్తంభాలు ఎందుకు పెట్టారో చెప్పే కాగితం దొరకలేదు. గ్యాలరీ కింద కూర్చునేవాళ్ల ధైర్యం కోసమేనని నా ఊహ.

మొదటి నివేదికను రాతపూర్వకంగా ఉపసంహరించుకున్నాను. డైరెక్టరు సంజాయిషీ అడిగితే ఇచ్చాను. కడ్డీలను కొలిచి లెక్క కట్టాం. గ్యాలరీ మీద పీపాలు పెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు నింపుతూ ఎంత కుంగుతుందో గేజితో చూశాం. నీళ్లు తీసేశాక గ్యాలరీ మళ్లీ మొదటి మట్టానికి వచ్చింది. పైన కూర్చునేవాళ్ల సంఖ్యకు పరిమితి పెట్టి రెండో నివేదిక మీద సీలు వేశాను.

క్లాసులు మూడు వారాలు ఆలస్యంగా మొదలయ్యాయి. ఆ రోజు నేను గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్నాను. మైకు లేకపోయినా లెక్చరర్ ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. నా సర్వీసులో అంత సంతోషించిన రోజులు తక్కువ.

నిలబడి ఉన్నదాన్ని కూల్చమని రాసేముందు, అది ఎందుకు నిలబడి ఉందో ఇంజనీరు చెప్పగలగాలి. చెప్పలేకపోతే అతని పరిశీలన ఇంకా పూర్తి కాలేదన్నమాట.