వాక్యం ముందు చిన్న సున్న

మా పాత ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త ఇంగ్లీషులో వచ్చింది. "ఎక్స్‌పైర్డ్ టుడే మార్నింగ్. మిర్యాలగూడ." అంతే. పెట్టినవారు మా డ్రిల్లు మాస్టారు. పోయింది ఎవరో అందులో లేదు. గ్రూపులో ముప్పై మందిమి ఉన్నాం, దాదాపు అందరం డెబ్బై దాటినవాళ్లమే, ఎవరైనా కావచ్చు. నేను మాత్రం కాదని రూఢి చేసుకుని "ఎవరు?" అని అడిగాను. ఈలోగా నలుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు, ఎవరికి జోడిస్తున్నారో తెలియకుండానే. పావుగంటకు జవాబు వచ్చింది. "మన ఇంగ్లీషు సారు."

ఫోను బల్ల మీద పెట్టి కళ్లద్దాలు తీశాను. ఆయనే ఉండి ఉంటే ఆ మెసేజీ ముందు ఎర్ర పెన్నుతో ఒక చిన్న సున్న చుట్టి వెనక్కి పంపేవారు.

ఆ సున్న సంగతి చెప్పాలి. కోదాడలో మేమిద్దరం ఒకే బడిలో పదకొండేళ్లు పనిచేశాం. నేను తెలుగు, ఆయన ఇంగ్లీషు. పిల్లలు రాసిన ఇంగ్లీషు వాక్యంలో కర్త, అంటే సబ్జెక్టు, లేకపోతే ఆయన కొట్టివేసేవారు కాదు, కసిరేవారు కాదు. వాక్యం మొదట్లో సున్న చుట్టేవారు. "గీ సున్న కుర్సీ అనుకో బిడ్డా. ఎవలో ఒకలు గిండ్ల కూసోవాలె. ఖాళీగుంటే ఇంగ్లీషు వాక్యం నడువది" అనేవారు. ఆయనది తుంగతుర్తి దగ్గరి పల్లె. ఇంగ్లీషైనా ఆ యాసలోనే చెప్పేవారు. పిల్లలకు ఎక్కేది.

తెలుగులో ఆ బాధ లేదు. "వచ్చాను" అంటే వచ్చింది ఎవరో క్రియే చెబుతుంది. నేను ఆ మాట కాస్త గర్వంగానే అనేదాన్ని. "మా భాషకు కుర్చీలు అక్కర్లేదు సారూ. నిలబడే పని కానిస్తుంది."

"గందుకే మేడం, పని చెడగొట్టినోడు దొరకడు" అనేవారు ఆయన, టీలో బిస్కట్టు ముంచుకుంటూ.

ఆయన పాఠం చాలా సాదా. రోజుకు ఐదు వాక్యాలు. నిన్న నువ్వు చేసింది రాయాలి, చేయనిది రాయకూడదు. ఒకమ్మాయి వెన్నెల మీద, పూల మీద గొప్ప వాక్యాలు రాసుకొచ్చింది. "గివన్నీ నువ్వు సూసినవా?" అని అడిగారు. "లేదు సార్, గైడులో ఉన్నయ్" అంది. "మంచిది. గైడుకు మార్కులేస్త, నువ్వు కూసో" అన్నారు. మర్నాడు ఆ పిల్ల "మా బర్రె తాడు తెంపుకుంది, నేను దాని వెనక పరుగెత్తాను" అని ఇంగ్లీషులో రాసింది. ఆ పుస్తకం పట్టుకుని స్టాఫ్ రూమంతా తిరిగారు, తనకే ఏదో బహుమతి వచ్చినట్టు. ఒకసారి బోర్డు మీద తానే అక్షరం తప్పు రాశారు. ముందు బెంచీ పిల్ల లేచి చెప్పింది. ఆయన తుడిచేయలేదు. ఆ మాట కింద "ఐ మేడ్ ఎ మిస్టేక్" అని రాసి, తరగతి అంతటితో మూడుసార్లు చదివించారు. పిల్లలు ఆ రోజు అంత ఉత్సాహంగా ఇంకేదీ చదివి ఉండరు.

తెలుగు రాయడం మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. సెలవు చీటీ రాసి, హెడ్‌మాస్టర్‌కు ఇచ్చేముందు నా దగ్గరకు తెచ్చేవారు. "సూడున్రి మేడం, ళ ఏడ రావాలె, ల ఏడ రావాలె." నేను దిద్దిన చీటీలన్నీ దాచుకున్నారని తర్వాత తెలిసింది. ఆయన దిద్దిన నా కాగితం ఒకటే. అది నేను దాచుకోలేదు.

పదో తరగతి పరీక్షలకు కూర్చునే పిల్లల పేర్ల పట్టిక, నామినల్ రోల్ అంటారు, ఒక ఏడు క్లాస్ టీచరుగా నేను రాశాను. నా తరగతిలో స్వప్న ఉంది, స్వరూప ఉంది. పట్టికలో ఇద్దరూ స్వప్నలే అయ్యారు. హాల్ టికెట్లు వచ్చినప్పుడు స్వరూప తెచ్చి చూపించింది కూడా. "మార్కుల మెమోలో సరిగ్గానే వస్తుందిలే, పోయి చదువుకో" అన్నాను. మెమోలోనూ స్వప్నే వచ్చింది. ఆ పిల్లకు నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది, ఈ పేరు నీది కాదని అక్కడివాళ్లు ఆపేశారు. పదిరోజులు గడువు ఇచ్చారు. చిలుకూరులో కూలికి పోయే వాళ్లమ్మ, ఆ పిల్ల, బడి వరండాలో గోడకానుకుని నిలబడ్డారు.

పరీక్షల ఆఫీసుకు ఇంగ్లీషులో వివరణ రాశాను. "ఎ మిస్టేక్ వాజ్ హ్యాపెన్డ్ ఇన్ ద నామినల్ రోల్." మూడో రోజుకే అది వెనక్కి వచ్చింది. అంచున ఒకే ప్రశ్న. తప్పు అభ్యర్థిదా, పాఠశాలదా? అభ్యర్థిదైతే దారి వేరు, అది పది రోజుల్లో తెమిలేది కాదు.

కాగితం సారు ముందు పెట్టాను.

"హ్యాపెన్డ్ ముందల వాజ్ రాదు మేడం. గది చిన్న తప్పు" అన్నారు.

"పెద్దదేమిటి?"

"తప్పుకు కాళ్లున్నయా, దానంతట అదే జరగనీకి?"

"ఆఫీసు కాగితాలు ఇలాగే రాస్తారు సారూ."

"గందుకే వాపసొచ్చింది."

నాకు అప్పుడు హెడ్‌మిస్ట్రెస్ పదోన్నతి జాబితాలో పేరు ఉంది. నా చేత్తో తప్పు ఒప్పుకున్న కాగితం పైకి పోతే ఏమవుతుందో ఆయనకూ తెలుసు. ఆ మాట ఎత్తలేదు. తెల్లకాగితం నా వైపు జరిపి, మొదట్లో ఎర్ర సున్న చుట్టి, "కూసోన్రి మేడం" అన్నారు. నేను కూర్చునే ఉన్నాను. ఆయన కూర్చోమన్నది ఆ సున్నలోనని అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"ఐ రోట్ ద రాంగ్ నేమ్." ఐదు మాటలు. ఎం.ఏ. చదివినదాన్ని, ఆ ఐదు మాటలు రాయడానికి అరగంట పట్టింది. ఆయన సున్న లేని మంచి కాగితం మీద నాతో మళ్లీ రాయించి, కవరు తానే అంటించి, తానే పట్టుకెళ్లారు. గడువుకు రెండు రోజుల ముందు దిద్దిన మెమో వచ్చింది. దాని వెనకే నాకు సంజాయిషీ నోటీసు వచ్చింది, పదోన్నతి ఆ విడత తప్పిపోయింది.

స్వరూప, వాళ్లమ్మ చిక్కుడుకాయలు పట్టుకుని వచ్చారు. "మేడం, మీ వల్లనే సీటొచ్చింది" అంది పిల్ల. నేనేమన్నాను? "పొరపాటు జరిగిందమ్మా, సరిచేయించాం" అన్నాను. వాళ్లమ్మ నవ్వలేదు. బెరుకనుకున్నాను. ఎదుటి బల్ల దగ్గర సారు ముంచిన బిస్కట్టు టీలోనే విరిగి పడింది, ఆయన దాని వైపు చూడలేదు. వాళ్లు వెళ్లాక, "గా పిల్లకు సున్ననే ఇచ్చిన్రు మేడం" అన్నారు.

అప్పటినుంచి, ఎక్కడ కలిసినా, ఎప్పుడు ఫోను చేసినా, కుశలప్రశ్నలయ్యాక ఒకే ప్రశ్న. "గా పిల్లకు చెప్పిన్రా?" రిటైరై మిర్యాలగూడలో ఇల్లు కట్టుకున్నారు. వరండాలో నల్లబోర్డు వేలాడదీసి, రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఆడపిల్లలకు సాయంత్రం పూట అవే ఐదు వాక్యాలు రాయించేవారు. పోయిన నెల ఫోనులో గొంతు సన్నగా వినిపించింది. ప్రశ్న మాత్రం సన్నబడలేదు.

"ఇప్పుడెందుకు సారూ? ఆ పిల్ల సూర్యాపేట దవాఖానలో పెద్ద నర్సు. నాకంటే బాగుంది" అన్నాను.

"ఉద్యోగమొచ్చిందా అని నేనడుగలే. చెప్పిన్రా అని అడిగిన."

"చెప్తాను లెండి."

"సబ్జెక్టు వెట్టి చెప్పున్రి" అని నవ్వారు, దగ్గు వచ్చింది, ఫోను పెట్టేశారు. అదే ఆఖరు మాట.

మూడో రోజు కోదాడ నుంచి బస్సులో వెళ్లాను. వరండాలో కుర్చీలు వేశారు. బోర్డు అలాగే ఉంది. దవాఖానకు తీసుకెళ్లిన రోజు ఆయన రాసిన అభ్యాసం దాని మీద ఉందని వాళ్లమ్మాయి చెప్పింది. నాలుగు వాక్యాలు, నాలుగింటి ముందూ సున్నలు. ఆలస్యంగా వచ్చారు. అన్నం తిన్నారు. తలుపు వేశారు. ఇంటికి వెళ్లారు. ఇంగ్లీషులో. ఎవరో పిల్లలు పూరించాలి. "తుడవబుద్ధి అయితలేదు మేడం" అంది.

కాసేపటికి స్వరూప వచ్చింది. సూర్యాపేటలో డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టుంది. నా పక్కన కూర్చుని, చుట్టూ ఉన్నవాళ్లకు నన్ను చూపించి, "ఆఫీసోళ్లు నా పేరు తప్పు రాస్తే, గీ మేడం, మన సారు కలిసి సీటు నిలవెట్టిన్రు" అంది. అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. మెచ్చుకోలు అంత బరువుంటుందని నాకు తెలియదు.

"ఆఫీసువాళ్లు కాదు స్వరూపా" అన్నాను. "నేను రాశాను. నువ్వు హాల్ టికెట్ తెచ్చి చూపించినప్పుడు పట్టించుకోనిది కూడా నేనే."

ఆ పిల్ల, నలభై దాటిన మనిషిని ఇంకా పిల్ల అంటున్నాను, నా వైపు పూర్తిగా తిరిగింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మీరు పొరపాటు జరిగిందన్నరు మేడం. ఎవలు చేసిన్రో చెప్పలే. నేను ఆఫీసోళ్లనుకున్న. మా అమ్మ నేననుకున్నది. ఫారం నేనే తప్పు నింపిననని ఎన్నేండ్లు అన్నదో. ఇప్పటికీ పేరు రాసే కాగితమేదన్న వస్తే, సక్కగ రాయవే, గప్పటి లెక్క చేయకు అంటది."

 

స్వరూప పర్సులోంచి ఫోను తీసి, నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది. "మా అమ్మ. చిలుకూరులనే ఉన్నది. మీరే చెప్పున్రి."

ఫోను మోగుతూ ఉంది. ఎదురుగా బోర్డు మీద సుద్దముక్కతో ఆయన చుట్టిన సున్నలు, మొదటిది గుండ్రంగా, చివరిది చెయ్యి వణికి ఒక పక్కకు ఒరిగి. ఇంటికి వెళ్లారు అన్న వాక్యం ముందుది. దానిలో ఎవరినీ రాయలేదు.

అటువైపు ఫోను ఎత్తిన చప్పుడైంది. ముసలి గొంతు, కాస్త గట్టిగా అడిగింది.

"ఎవలు?"