ఓబులేసు చేసిన ఒంటికాలి కడియం

నిన్న పొద్దున్న కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. స్క్రీన్ మీద ఓబులేసు పేరు.

ఉగాది కూడా కాదే, ఇప్పుడెందుకు చేశాడా అనుకుంటూ ఎత్తాను.

వాళ్ళమ్మాయి గొంతు. "సార్, తెల్లారుజామున నాయన పోయినాడు సార్. ఫోన్లో మీ నంబరుంటే చేసినా."

మొన్న ఉగాదికి కూడా "సార్, బాగుండారా?" అని పలకరించిన మనిషి!

ఖతార్‌లోని మా దుఖాన్ బ్యాచ్‌కి నేను గుర్తు చేయక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రాస్తున్నా.

ఓబులేసుది కడప వైపు. తొంభైల్లో అల్ ఘర్రాఫాలో ఒక ఖతారీ ఇంట్లో హౌస్ డ్రైవర్. నేను దుఖాన్‌లో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండే ఇంజినీర్ని. ఒక ఏడు మా తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్‌కి స్టేజీ మీద కాకతీయుల కొలువు పెడదామని నేనే ముందుకు దూకాను.

పైగా ఒక పంతం. వెల్వెట్ వద్దు, తళుకులు వద్దు, అద్దె డ్రెస్సులు అసలే వద్దు. అంతా అచ్చం ఆ కాలంలో ఉన్నట్టే ఉండాలి. నా దగ్గర గుడి శిల్పాల ఫోటోల పుస్తకం ఒకటుండేది. దాన్ని పట్టుకుని అందరి ప్రాణాలూ తోడేశాను. సేఫ్టీ పిన్ కనిపిస్తే అరుపులే. బంట్లకి బనియన్ ఉండకూడదంటే ఇద్దరు అలిగి వెళ్ళిపోయారు కూడా.

మాటలు నావి. పని మాత్రం ఓబులేసుది.

శుక్రవారం ఎవరి బండో పట్టుకుని దుఖాన్ వచ్చేవాడు. కొత్త పంచెలు మరీ తెల్లగా ఉన్నాయని, మా బిర్యానీ డేగిశాలో పాలు పోయని సులేమానీ చాయ్ కాచి అందులో ముంచాడు. ఆ డేగిశా తోముతూ మా ఆవిడ రెండు రోజులు నన్ను తిట్టింది.

నడుం పట్టీలకి ఒంటెలకు కట్టే పాత తోలు పట్టీలు ఎక్కడో సంపాదించాడు. అబ్బ, ఆ కంపు! వేసుకున్నవాళ్ళు కూడా ఒంటెల్లాగే మొహాలు పెట్టారు.

ఇవన్నీ నీకెలా తెలుసయ్యా అంటే ఒకటే మాట.

"మా చేని గట్టున వీరగల్లు ఉండాది సార్. యుద్ధంలో సచ్చిపోయిన బంటు బొమ్మ. చిన్నప్పుడు దాని ముందరే కూసోని సద్ది తింటాంటి. ఆయప్ప యాడ ఏం కట్టుకున్యాడో నాకు బాగా తెలుసు."

మొత్తం నలుగురు బంట్లు. అందులో ఒకడు ఓబులేసు. వేషంలో ఫోటో తీయించి పంపిస్తానని ఇంటికి ముందే ఉత్తరం రాసేశాడు. వచ్చి ఆరేళ్ళయినా పాస్‌పోర్ట్ ఫోటో తప్ప ఇంకో ఫోటో దిగలేదట.

ఫంక్షన్ రోజు సాయంత్రం మూటలోంచి కడియాలు తీశాడు. ఏసీ వర్క్‌షాప్‌లో పారేసిన కాపర్ ట్యూబు వంచి, లోపల చిన్న రాళ్ళు పోసి, చింతపండుతో తోమి తెచ్చాడు. నడిస్తే గలగలమంటున్నాయి.

కానీ నాలుగే ఉన్నాయి.

"మిగతా నాలుగేవి?" అన్నాను.

"ఒక్క కాలికే సార్. వీరగల్లు మీద అట్లే ఉండాది."

నేను పుస్తకం తెరిచాను. ద్వారపాలకుడి శిల్పం. రెండు కాళ్ళకీ ఉన్నాయి. "నేను పుస్తకం చూసి చెప్తున్నా. నువ్వు పొలంలో రాయి చూసి చెప్తున్నావ్" అన్నాను.

అందరి ముందూ అన్నాను. అందరూ నవ్వారు.

ఒంటి కడియంతో స్టేజీ ఎక్కితే రెండోది ఎక్కడో పడిపోయిందనుకుంటారని నా బాధ. అందుకని లెక్క తేల్చేశాను. ఉన్నవి నాలుగు, ఇద్దరు బంట్లకి చెరో జత. మిగతా ఇద్దరూ స్టేజీ ఎక్కక్కర్లేదు.

ఎవరు ఆగుతారు అని అడిగానో లేదో, ఓబులేసు వంగి తన కాలికి అప్పటికే తొడుక్కున్న కడియం తీసి నా చేతిలో పెట్టాడు.

"మాఫీ ముష్కిల్ సార్. ఏం పర్వాల్యా" అన్నాడు.

ఆ రోజు తెర లాగింది ఆయనే. సులేమానీ పంచె కట్టుకుని, ఒంటె పట్టీ బిగించుకుని, తెర తాడు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. చప్పట్లు మోగిపోయాయి. గ్రూప్ ఫోటోలో ఆయన లేడు. ఆ సంగతి నాకు తట్టను కూడా తట్టలేదు. అంతా అయ్యాక ఒక కడియం మాత్రం అడిగి తీసుకెళ్ళాడు.

నాలుగేళ్ళ క్రితం జమ్మలమడుగు దగ్గర ఒక పెళ్ళికి వెళ్తూ టీ కోసం ఆగాం. కొట్టు పక్కనే ఒక వీరగల్లు, పసుపు రాసి ఉంది. ఊరికే వంగి చూశాను.

ఎడమకాలికి కడియం ఉంది.

కుడికాలికి లేదు.

గండపెండేరం గురించి స్కూల్లో చదువుకున్నవాడినే. వీరుడికి ఒక్క కాలికే తొడుగుతారని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ సాయంత్రం అది గుర్తుకే రాలేదు. పొగరు నెత్తికెక్కాక ఇంకేం గుర్తొస్తుంది!

ఫోటో తీశాను. ఓబులేసుకి పంపుదామని నాలుగు ముక్కలు రాసి, చెరిపేశాను. ఇన్నేళ్ళయ్యాక ఇప్పుడేం చెప్తాం, ఉగాదికి ఎలాగూ ఫోన్ చేస్తాడుగా అనుకున్నాను.

చేశాడు. నాలుగు ఉగాదులూ చేశాడు. వానల గురించి మాట్లాడుకున్నాం, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు.

సిగ్గుపడ్డాను. అంతకుమించి కారణం లేదు.

నిన్న ఫోన్ పెట్టేసే ముందు ఆ అమ్మాయి అడిగింది. "సార్, నాయన ట్రంకు పెట్టెలో రాగి కడియం ఒగటి ఉండాది. దాని జత యాడ ఎతికినా కనపడల్యా. మీ కాడేమన్నా ఉండాదా?"



"జత లేదమ్మా. అది ఒక్క కాలికే. మీ నాయన సరిగ్గానే చేశాడు, తప్పు నాది. ఎడమకాలికి తొడిగి పంపండమ్మా" అన్నాను.

"అట్లే సార్" అంది.

ఓబులేసూ, నువ్వు నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఇన్నేళ్ళూ నువ్వే నన్ను సార్ అన్నావు. నేను ఒక్కసారీ నిన్ను అన్నా అని పిలవలేదు.

వెళ్ళిరా అన్నా. ఈసారి తెర ఇంకెవరైనా లాగుతారు. నువ్వు స్టేజీ మధ్యలో ప్రశాంతంగా నిలబడు.