తీగకు రెండో కొస

మా ఫఖ్రున్నీసా ఆపా ఎదుట ఖాళీ చేతులతో నిలబడినవాడు బాగుపడిన దాఖలా లేదు. కంటపడిన మరుక్షణం వాడి చేతిలో రాగితీగ కొస ఒకటి పెట్టి, "జర పట్టు బేటా, రెండు నిమిషాలు" అనేది. ఆపా రెండు నిమిషాలంటే, పట్టుకున్నవాడి ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడేదాకా అని అర్థం.

ఇది 2001 నాటి మాట. అమీర్‌పేటలో అప్పుడు ఏదో ఒకటి నేర్చుకోనివాడికి ఇల్లు అద్దెకివ్వరేమో అన్నట్టుండేది. సందుకో జావా, మేడకో ఒరాకిల్. నేను అమలాపురం నుంచి వచ్చి ఆపా డాబా మీద గదిలో దిగి జావా నేర్చుకుంటుంటే, కింద ఆపా నగలు నేర్చుకునేది. బంగారం కాదు, రాగి. ఆవిడ భర్త నజీరుద్దీన్ భాయ్‌కి సనత్‌నగర్‌లో మోటార్ల వైండింగ్ షాపు. మిగిలిన తీగ ముక్కలు ఆయన ఇంటికి తెస్తే, ఆపా వాటి పైపూత కాల్చి, గీకి, వంచి చెవులకు ఎక్కించేది. నీళ్ళ మోటారులో ఉండాల్సిన తీగ కృష్ణానగర్ అమ్మాయిల చెవుల్లో ఊగేది.

మేం కోర్సులు మార్చినట్టు ఆవిడా పనులు మార్చేది. ఓ నెల పెన్సిలు చుట్టూ తీగతో గొలుసు అల్లడం, ఇంకో నెల సుత్తితో సాగగొట్టి ఆకులు తీయడం. నేర్చుకునే పద్ధతి మాత్రం ఒకటే, చేతికి దొరికిన నగను ఊడదీయడం. పంజాగుట్టలో ఫ్యాన్సీ షాపున్న కమలకుమారి గారు ఓ ఝుంకా మచ్చు ఇచ్చి, ఇలాంటి జతలు చేసిపెట్టమని వెళ్ళారు. మర్నాడు వచ్చేసరికి ఆ ఝుంకా చాప మీద వరసగా ముక్కలై పడుకుని ఉంది.

"అయ్యో అయ్యో, ఇదేంటండీ ఆపా!"

"ఊడదీయకుంటే ఎట్ల కట్టిండ్రో ఎట్ల తెలుస్తది? ఫికర్ చెయ్యకు, మళ్ళ కడత. ఖాళీగనే ఉన్నవు కద, గీ కొస జర పట్టు."

ఆ పూట పంజాగుట్టలో ఫ్యాన్సీ షాపు తెరుచుకోలేదు.

ఏ పని నేర్చుకున్నా మొదలు పేనుడుతోనే. రెండు తీగలు జత చేసి, ఒక కొస చేతిడ్రిల్లుకు బిగించి ఆపా తిప్పుతుంది. రెండో కొస మన చేతిలో బిగువుగా ఉండాలి. ఏమరుపాటున వదిలామా, తీగంతా చుట్టుకుపోయి జంతికై కూర్చుంటుంది. మళ్ళీ మొదటికి. ఒకసారి గ్యాసు బండ తెచ్చిన పోచయ్య చేతికి కొస అందింది. బండి వీధిలో, పోచయ్య అరుగు మీద. సందులో ఆడవాళ్ళంతా గరిటెలతో వచ్చి నిలబడ్డారు. సొంత భర్త నజీరుద్దీన్ భాయ్ సైతం రెండు చేతుల్లో రెండు సంచులు లేకుండా గడప తొక్కేవాడు కాదు. ఆ సంచుల్లో ఏమీ ఉండేది కాదు.

నా గదిలో ఉండే రాఘవేందర్‌ది జనగామ. బంజారా హిల్స్‌లో ఒక కంపెనీ వాడికి ఉద్యోగం ఇచ్చినట్టే ఇచ్చి, చేరే వారం ముందు మనుషులు అక్కర్లేదంది. ఆ ఏడు అందరి కథా అదే. తర్వాత వెళ్ళిన ప్రతి ఇంటర్వ్యూలోనూ వాడి నోరు మూతబడింది. గదిలో నాకు పాఠం చెప్పే మనిషి, బల్ల అవతల నలుగురిని చూస్తే నీళ్ళు నమిలేవాడు. శనివారం పంజాగుట్టలో ఇంకొకటి ఉంది. వాడు మాత్రం సంచి సర్దేశాడు.

"నేను పోను అన్నా. జనగామ పోత. మల్ల రాను."

నేను చెప్పగలిగిందంతా చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి ఆపా కేక.

"రాఘవేందర్! ఖాళీగున్నవా?"

ఉద్యోగం లేనివాణ్ణి అడగాల్సిన మాటేనా అది! నాకు ఒళ్ళు మండింది. "ఆపా, వాడి పరిస్థితి మీకు తెలీదు" అన్నాను.

"పరిస్థితి ఏమైతేంది, చేతులున్నయి కద" అని వాణ్ణి రెక్క పట్టుకుని కిందికి తీసుకుపోయింది.

ఆ వారం ఆవిడకు కొత్త పిచ్చి. ఎగ్జిబిషన్‌కు వచ్చిన కరీంనగర్ పనివాడు రాజనర్సయ్య దగ్గర సన్నతీగ పని చూసి వచ్చింది. వెంట్రుకంత తీగలు రెండు పేని, సుత్తితో చదును చేస్తే అంచంతా గింజలు పేర్చినట్టు వస్తుంది. పేనుడు ఎక్కడా ఎగుడుదిగుడు కాకూడదు. రాఘవేందర్ చెయ్యి వణికింది, తీగ గతుకులు పడింది.

"ముచ్చట పెట్టు, వణుకు పోతది. ఆ జావాల ఏం చెప్తరు?"

"మీకు సమజ్ కాదు ఆపా."

"సమజైతే నువ్వెందుకు చెప్పుడు? చెప్పు."

వాడు గొణిగాడు. "తండ్రి గుణాలు బిడ్డకొస్తయి. ఇన్‌హెరిటెన్స్ అంటరు."

"అబద్ధం. మా కొడుకు రిజ్వాన్‌కు వాళ్ళ అబ్బా పని ఒక్కటన్న వచ్చిందా?"

"అది ఓవర్‌రైడింగ్ ఆపా. తండ్రి చేసే పనే కొడుకు తన తీరుగ చేసుడు."

"ఏ తీరుగ సుత చేస్తలేడురా వాడు!"

చాలా రోజుల తర్వాత రాఘవేందర్ నవ్వడం చూశాను. ఆ వారమంతా ఆపా పేనుతూనే ఉంది, వాడు చెబుతూనే ఉన్నాడు. ఆవిడ అడ్డదిడ్డంగా అడిగేది, వాడు విసుక్కుని, గొంతు పెంచి, ఇంకా తేలికగా చెప్పేవాడు. శుక్రవారానికి తీగ నున్నగా వచ్చింది. శనివారం పొద్దున వాడు ఎవరూ చెప్పకుండానే చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు.

మధ్యాహ్నం మెట్లు రెండేసి ఎక్కి వచ్చాడు.

"అన్నా, వచ్చింది! ఓవర్‌రైడింగ్ అడిగిండ్రు. రిజ్వాన్ ముచ్చట చెప్పిన. ఒక్కటే నవ్వుడు!"

ఆపాకు చెబుదామని నేనే ముందు పరుగెత్తాను. వెనక వసారాలో ఆవిడ ఒక్కతే కూర్చుని తీగ పేనుతోంది. రెండో కొస కిటికీ చట్రానికి కొట్టిన మేకుకు కట్టి ఉంది. డ్రిల్లు గిర్రున తిరుగుతోంది. మనిషి పట్టుకుంటే గంటపట్టే పని, చూస్తుండగా అయిపోయింది. పైగా ఇంకా బాగా వచ్చింది.

"ఆపా! మరి మమ్మల్నందర్నీ ఎందుకు కూర్చోబెట్టినట్టు?"

దొరికిపోయిన దొంగలా చూసింది. "మేకు ముచ్చట పెడతదా? ఆ పొద్దు పోచయ్య బిడ్డను అత్తగారింటికి పంపి వచ్చిండు, కండ్లు చూసినవా? నువ్వు వచ్చిన కొత్తల అన్నం ముందర కూసోని ఊరు గుర్తు చేసుకుంటుంటివి. ఊకెనే పిలిస్తే వస్తరా? పనుందంటే వస్తరు."

"మరి కమలకుమారి గారు?"

"ఆమెది ఏం లేదు. ఝుంకా ఊడదీసిన కద, కోపం తగ్గేదాక పట్టుకొమ్మన్న."

నాకు నవ్వొచ్చింది. ఈ సంగతి రాఘవేందర్‌కు తెలిస్తే చిన్నబుచ్చుకుంటాడని, మేకుకు అడ్డంగా నిలబడబోయాను.

"దాచకు అన్నా, నాకెరుకే" అన్నాడు వెనక నుంచి వాడు. "మొదటి రోజే చూసిన ఆ మేకును, దానికి తీగ ముక్క కట్టే ఉండె."

"మరి చెప్పలేదేంట్రా?"

"కంపెనీలన్ని మనిషి అక్కర్లేదన్నయి. ఈమె మంచి మేకు ఇంట్లనే పెట్టుకోని నన్ను పిలిచింది. ఎందుకు చెప్త?"

ఆపా డ్రిల్లు కింద పెట్టింది. తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడింది.

"బద్మాష్! ముందే ఎరుకుంటే వారం దినాలు నాకు ఆ జావా ఎందుకు వినిపిచ్చినవురా? నా తలకాయ ఇంక తిరుగుతనే ఉన్నది!"