‘ఇష్టం లేదు’ అన్న అమ్మాయి

కాలేజీలో గంట కొట్టే పని ఇరవై ఏడేళ్లుగా ఆయనదే. పిల్లలందరికీ ఆయన గంట బాబాయి. కరోనా వచ్చి క్లాసులు ఆన్‌లైన్‌కి మారాక గంటతో పని లేకుండా పోయింది. ఊరికే కూర్చోవడం ఆయనకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది.

ఒకరోజు పొద్దున్నే ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి ఓ కాగితం చేతికిచ్చింది. క్లాసులకు రాని పదకొండు మంది పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు. ఎదురుగా మూడు గళ్లు: ఫోన్ లేదు, సిగ్నల్ లేదు, ఇష్టం లేదు.

“అందరికీ ఫోన్ చేసి టిక్కు పెట్టు. మొదటి రెండు గళ్లవాళ్లకి ఏదో దారి చూద్దాం. ఇష్టం లేనివాళ్ల పేర్లు పరీక్షల జాబితాలోంచి తీసేస్తాం. ఐదింటికల్లా యూనివర్సిటీకి పంపాలి.”

మధ్యాహ్నానికి పది మంది దొరికారు. ఒకరింట్లో ఫోను ఒకటే, చదివేవాళ్లు ముగ్గురు. ఇంకొకడికి మేడ మెట్ల మీద కూర్చుంటే తప్ప పాఠం వినపడదట. ఒకమ్మాయి, “సార్ స్క్రీన్ చూసి చదివేస్తుంటే నిద్రొస్తోంది బాబాయ్” అంది. అది ఏ గడిలోకి వస్తుందో తెలియక సిగ్నల్ లేదని టిక్కు పెట్టేశాడు.

పదకొండో పిల్లది చివరి సంవత్సరం. మొదటి బెంచీలో కూర్చునేది.

“ఫోనుందా తల్లీ?”

“ఉంది.”

“సిగ్నలు?”

“ఉంది.”

“మరి?”

“ఇష్టం లేదు.”

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే స్విచాఫ్. మూడు దాటింది. టిక్కు పెట్టడానికి ఆయనకు చెయ్యి రాలేదు. సైకిలు తీశాడు.

తలుపు తీసిన తల్లి కంగారుపడింది. “రోజూ గదిలో తలుపేసుకుని క్లాసులే వింటోందండీ. ఏమైంది?”

“ఏం లేదమ్మా. ఒక సంతకం కావాలి.”

లోపలి నుంచి వచ్చిన పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. మెట్ల మలుపు దాకా ఆయన వెనకే వచ్చింది.

“క్లాసులో నాకు న... నత్తి వస్తే మా ఇంగ్లీషు సార్ ఆగేవారు. ఎవరూ నవ్వేవాళ్లు కాదు. ఇప్పుడు మాట్లాడిందంతా రి... రికార్డవుతుంది బాబాయ్. ఎవరో నేను తడబడిన ముక్క కత్తిరించి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు.”

“సార్‌కి తెలుసా?”

“సార్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. ఏ... ఏమీ అనలేదు.”

“మేడమ్‌కి చెప్పనా?”

తలూపింది. “అమ్మకి మాత్రం వద్దు.”

ఆయన తిరిగొచ్చేసరికి ఐదుకు ఇరవై నిమిషాలుంది. మేడమ్ జాబితా తెరిచి పెట్టుకుని ఉంది. ఎప్పుడూ ఆవిడ ముందు కూర్చోనివాడు, ఆయాసానికి కుర్చీలో కూలబడి జరిగింది చెప్పాడు.

“ఇష్టం లేదని తనే అందిగా. ఈ కాగితంలో వేరే గడి లేదయ్యా.”

“లేకపోతే కొత్త గడి గీసి రాయండి మేడమ్. ఆ పిల్ల చదువు ఆపేస్తుంది.”

మేడమ్ ఆ ఇంగ్లీషు సార్‌కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. “ఆ అమ్మాయి వీడియో మీరు చూశారా?”

“చూశాను మేడమ్. వాళ్లే తీసేస్తారులే అనుకున్నాను.”

మేడమ్ ఫోన్ పెట్టేసింది. ఆ పిల్ల పేరును అలాగే ఉంచి జాబితా పంపింది. గోడ గడియారంలో ఐదుకు మూడు నిమిషాలు.

ఆ రాత్రికి వీడియో పోయింది. మర్నాడు సార్ క్లాసులో అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. ప్రశ్నలు అడిగే సమయంలో రికార్డింగు ఆపేయడం మొదలుపెట్టాడు. అయినా ఆ పిల్ల మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చింది, కెమెరా లేకుండా. జవాబులు టైపు చేసేది. మూడో వారంలో మైకు తెరిచింది. ఒక్క వాక్యానికి చాలాసేపు పట్టింది. సార్ ఆగాడు.

పరీక్షలు రాసింది, పాసయింది. ఆ ముక్క కత్తిరించిందెవరో మాత్రం తేలలేదు. ఆ క్లాసు పిల్లలు ఎదురైతే గంట బాబాయి ఒక్కొక్కరి ముఖంలోకీ ఇప్పటికీ కాస్త ఎక్కువసేపే చూస్తాడు.