కరక్కాయ వేసిన తొట్టి

బెల్లం నీళ్ల తొట్టిలో మట్టం చూడటానికి నేనొక వెదురు బద్ద చెక్కుకున్నాను. తొట్టిలో ఒక్కొక్క కడవ పోయించి, తడి ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడ కత్తితో గాటు పెట్టాను. యాభై గాట్లు పడ్డాయి. పొద్దున ఒకసారి, పని దిగేటప్పుడు ఒకసారి ముంచి చూస్తే ఆ రోజు ఎన్ని కడవలు ఖర్చయ్యాయో తెలిసిపోయేది. ఆ బద్ద ఇప్పటికీ మా ఇంటి చూరులో దోపి ఉంది. పిల్లలెవరైనా తీస్తే నా భార్య వాళ్ల చేతిలోంచి లాక్కుని మళ్లీ అక్కడే పెడుతుంది. నాకు మాత్రం ఇవ్వదు.

నేను బడికి పోయినవాణ్ణి కాను. మాది నల్లరేగడి సేద్యం. కినత్తుకడవు దారిలో మా ఊరు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. బావి తవ్వితే ఎన్ని బండ్ల మట్టి వస్తుంది, గరిసెలో ఎంత గింజ పడుతుంది అని ఇసుకలో వేలితో రాసుకుంటూ లెక్క నాకు నేనే నేర్చుకున్నాను. కణక్కు అంటే అక్కడి మాటలో లెక్క. ఊరంతా నన్ను కణక్కన్న అని పిలిచేవాళ్లు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఆ సంగతి దాచను.

వరసగా రెండేళ్లు వానలు లేవు. రెండో ఏడు ఎండల్లో, కుంపిణీవారికి పత్తి కొనిపెట్టే దుబాసీ ఒకాయన మా ఊరికి క్రోసు దూరంలో పత్తి గోదాము కట్టించడం మొదలుపెట్టాడు. కరువులో కూలివాళ్లు కావలసినంత మంది దొరుకుతారు గదా. కింద నేలకు గచ్చు, పైన మిద్దె, ఆ మిద్దె మీద కూడా బేళ్లు పేర్చాలి. ముందుగా వచ్చిన పనివాళ్లు నల్లమట్టి మీదనే నేరుగా నేల పోద్దామన్నారు. చూడడానికి పోయిన నేను వద్దన్నాను. మా పొలాల్లో ఎండాకాలం నెర్రెల్లో చేయి మోచేతి దాకా దిగుతుంది. వాన పడితే అదే మట్టి పొంగుతుంది. పైన ఎంత మంచి గచ్చు పోసినా కింద నుంచి చీల్చేస్తుంది. రెండున్నర మూరలు తవ్వి మట్టి బయట పారేయించి, ఏటి ఇసుక పొరలు పొరలుగా పోసి తడిపి దిమ్మిస కొట్టించమన్నాను. దుబాసీ నా ముఖంకేసి ఒకసారి చూసి, లెక్కంతా నన్నే వేయమన్నాడు.

వేశాను. మూరకొక టేకు దూలం. వాటి మీద సున్నంలో నిలబెట్టిన ఇటుకలు. ఆపైన గచ్చు: పదిహేను రోజులు మాగిన సున్నం ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, ఇటుక ముక్కలు మూడు. ఆరు వేళ్ల మందం పోసి నాలుగు వేళ్లకు దిగేదాకా కొట్టాలి. కొట్టినంతసేపూ బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపి చల్లాలి. అవి తగ్గితే సున్నం పట్టు పట్టదు, మిద్దె కారుతుంది. మిద్దెను మూడు భాగాలు చేశాను, భాగానికి మూడు రోజులు. రోజుకు ముప్పై కడవల బెల్లం నీళ్లు చాలునని దుబాసీకి చెప్పాను.

గచ్చు కొట్టడం ఆడవాళ్ల పని. పిడి ఉన్న చెక్కలు పట్టుకుని రెండు వరసలుగా గొంతుక్కూర్చుని, పాట మీద కొడుతూ వెనక్కి జరుగుతారు. మా కులంలో ఆడవాళ్లు అంతకు ముందు కూలికి పోయిందే లేదు. ఆ ఏడు పోయారు. ఇరవై నలుగురిని నేనే కుదిర్చాను. కూలి రోజుకు ఒక పడి జొన్నలు. ఆ పడి గింజలే ఆ ఇళ్లన్నిటికీ వాన వచ్చేదాకా ఆధారం. మిద్దె కారితే దుబాసీ అందరినీ తరిమి వేరే ఊరివాళ్లను తెచ్చుకుంటాడు. నా భయం అదొక్కటే.

అందరికంటే ముందు మా అక్క వచ్చింది. మొగుడు పోయి ఆరేళ్లుగా మా ఇంట్లోనే ఉంటోంది. నాకు పదేళ్లప్పుడు మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆమే. మొదటి రోజు దారి పొడుగునా కొంగు ముఖం మీదికి లాక్కునే నడిచింది. మధ్యాహ్నానికి వరసకు పెద్ద అయింది. పాట ఎత్తేది ఆమె, ఆపేది ఆమె.

"కణక్కన్నా, మా చేతులు ఎన్ని దరం లేస్తుండాయో అదీ రాసుకుంటుండావా?" అని రెండో వరసలోంచి ఒకామె అరిచింది.

"రాసుకోనీ. పెండ్లాం పోసే గంజిలో మెతుకులు కూడా కణక్కే ఆయనకు," అంది ఇంకొకామె.

"ఎంచేటంత మెతుకులు యాడ ఉండాయి ఇప్పుడు!"

అందరూ నవ్వారు. అక్క చెక్క ఆపకుండానే అంది: "మా తమ్ముడు ఇంట్లో కణక్కు చూడడమ్మా. చూసుంటే పెండ్లాం ఎప్పుడో తరిమేసుండును."

నేనూ నవ్వాను.

రెండో రోజు సాయంత్రం బద్ద ముంచితే ముప్పై నాలుగు కడవలు పోయినట్టు తేలింది. చల్లినవి ముప్పైయే, ఒక్కొక్క కడవా నా కళ్ల ముందే లెక్కపెట్టాను. తొట్టికి చిల్లు లేదు. నాలుగు కడవలంటే నలభై ఎనిమిది చెంబులు. ఇరవై నలుగురు. మనిషికి రెండు చెంబులు. అంత సరిగ్గా భాగం పోయేసరికి ఇక అనుమానం మిగలలేదు.

మరునాడు పొద్దున చెక్కలు అందుకోకముందే అడిగాను. "తొట్టిలో నాలుగు కడవలు తక్కువ వస్తున్నాయి. ఎవరు తాగుతున్నారు?"

అందరికంటే వయసులో పెద్దావిడ, మా వీధి అవ్వ, ఆకాశం వైపు చూసి, "ఈ ఎండకు ఆవిరై పొయ్యుండును, కణక్కన్నా," అంది. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్క నవ్వలేదు. వంగి తన చెక్కకు అంటుకున్న సున్నం గోటితో గీకుతోంది.

ముప్పై నాలుగు కడవలు కావాలని దుబాసీని అడిగి ఉండవచ్చు. అడగలేదు. ముప్పై అని చెప్పింది నేను. రెండో రోజే ముప్పై నాలుగంటే నా లెక్క తప్పినట్టే గదా అనుకున్నాను. దానికి బదులు మేస్త్రిని పిలిచి, వేరే కుండలో నానుతున్న కరక్కాయ పొడిని ముందే తొట్టిలో కలిపేయమన్నాను. ఎటూ చివరికి కలిసేవే. ముందే కలిపితే వగరుకూ చేదుకూ ఎవరూ నోట పెట్టరు.

మేస్త్రి అరవవాడు, ముసలివాడు. మాతో మాట్లాడీ మాట్లాడీ తెలుగు పట్టుకున్నాడు. "వేణాం తంబీ, వద్దు," అన్నాడు. "చేదు వేసినా వాళ్లు తాగకుండా ఉండరు. వయిరు, కడుపు ఖాళీగా ఉండాది. కడుక్కాయ దాని కుండలో అదే ఉండనీ."

"చేదు నీళ్లు ఎవరు తాగుతారు?"

"నువ్వు పొద్దున తినేసి వచ్చినావు," అన్నాడు. అని పోయి కలిపేశాడు.

ఆ సాయంత్రం తొట్టిలో తేడా అరకడవ. నాలుగు నుంచి అరకు దిగింది. అరకడవ చిందినదై ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. సంతోషంగా ఇంటికి నడిచాను. నాలుగో రోజూ అరకడవే. రెండు రోజులూ ఒకే కొలత చిందదని లెక్క తెలిసినవాడికి తట్టాలి. నాకు తట్టలేదు.

అయిదో రోజు పాట మధ్యలో ఆగింది. అక్క చెక్క కింద పెట్టి నిచ్చెన దిగి చెట్ల వెనక్కి పోయింది. తిరిగి వచ్చి కూర్చుంది. మళ్లీ దిగింది. నాలుగోసారి నిచ్చెన ఎక్కలేక కింది మెట్టు పట్టుకుని నిలబడింది. అప్పటికి మరో ఇద్దరు కూడా అలాగే దిగుతున్నారు. ముగ్గురు. అరకడవకు ఆరు చెంబులు. మనిషికి రెండు. నిచ్చెన దగ్గరికి పోయేలోపే ఆ భాగహారం నా తలలో అయిపోయింది.

"అక్కా, ఆ నీళ్లు తాగినావా?"

"తాగినా."

"చేదుగా లేదా?"

"ఉండాది." చెమట తుడుచుకుంది. "లోపల వెల్లం ఉండాది గదరా."

బండి మీద ఇంటికి తెచ్చాము. వైద్యుడు వచ్చి చేయి పట్టి చూశాడు. చివరిసారి అన్నం ఎప్పుడు తిన్నదని అడిగాడు. నేను నా భార్య వైపు చూశాను.

"ఇంట్లో ఎందుకు తింటుంది?" అంది నా భార్య. "గోదాము కాడ దినమూ గంజి పోస్తారని చెప్పింది గదా. నాకొద్దు, పిల్లలకు పొయ్యమంటుంది. తెచ్చిన పడి గింజలు అట్లనే నా చేతికి ఇస్తుంది."

గోదాము దగ్గర ఎవరూ ఎవరికీ గంజి పోయలేదు. అక్క కాక ఆ సంగతి ఆ ఇంట్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. కాని పొద్దున నేను ముందుగా తిని బయలుదేరేవాణ్ణి, సాయంత్రం ముందుగా తిని పడుకునేవాణ్ణి. వంటింట్లో వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారో నేనెప్పుడూ వినలేదు. లేచి పోయి జొన్నల కుండ మూత తీసి చూశాను. మాలాంటి ఇంటికి ఆ నెలలో ఉండవలసినదానికంటే నాలుగు వేళ్లు ఎక్కువగానే ఉంది. ఆ కుండ అంతకు ముందు కూడా చూశాను. నా భార్య పొదుపు అనుకున్నాను.

వైద్యుడు గంజి తేట పట్టమన్నాడు. పట్టాము. నిలవలేదు. కరక్కాయ విరేచనానికిచ్చే మందే గదా, మనిషిని చంపదు గదా అని ఆయన్ను రెండుసార్లు అడిగాను. "కడుపులో ఏదైనా ఉన్నవాళ్లకు మందే," అన్నాడు. ఎండ ఎంత, పులిసిన నీళ్లు ఎంత, ఆకలి ఎంత, నేను వేయించిన పొడి ఎంత అని తరవాత చాలాసార్లు విడదీయాలని చూశాను. ఆ భాగాలు నాకు చేతకాలేదు.

ఆరో రోజు సాయంత్రం అక్కకు కొంచెం తెలివి వచ్చింది. పనిలోకి ఎంతమంది వచ్చారని అడిగింది. ఇరవై ఒక్క మంది అన్నాను.

"పాట ఎవరు ఎత్తుతుండారు?"

"అవ్వ."

"ఆమె నిదానంగా ఎత్తుతుంది. చెయ్యి ఆగిపోతుంది. బిరీన ఎత్తమని సెప్పు. మిద్దె కారితే ఆడోళ్లందరినీ తోలేస్తాడు."

"చెప్తాలే."

"కణక్కు తప్పిందా నీకు, నా వల్ల?"

ఏడో రోజు తెల్లవారేసరికి అక్క పోయింది. తక్కిన ఇద్దరూ బతికారు. వాళ్లకు ఇంట్లో ఎవరో ఒకరు తినిపించారు.

సున్నం చావింటి కోసం ఆగదు. తడి ఆరేలోపు కొట్టి తీరాలి. ఆ ఏడో రోజు కూడా ఇరవై ఒక్క మందీ పనికి పోయారు, కాటికి మగవాళ్లమే పోయాము. ఎనిమిదో రోజు పొద్దున, పది రోజులు మైల అని పెద్దవాళ్లు అంటున్నా వినకుండా, నేను దుబాసీ బసకు పోయి బయటే నిలబడ్డాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. మిద్దె ఇంకా రెండు రోజుల పని, కింద నేల గచ్చు పన్నెండు రోజులు. ఎండ ఎక్కువగా ఉంది, ఇటుక ముక్కలు ఎక్కువ పీలుస్తున్నాయి, ముప్పై కడవలు చాలవు, ముప్పై నాలుగు కావాలి. ఆయన ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర అయిదు కారణాలున్నాయి.

ఆయన ఏదో కాగితం చదువుకుంటున్నాడు.

"అయ్యా, బెల్లం నీళ్లు రోజుకు ముప్పై నాలుగు కడవలు కావలసి వస్తున్నాయి."

"సరే, వేయించు," అన్నాడు. తల ఎత్తలేదు.

ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. కాగితం తిప్పాడు. నేను వచ్చేశాను.

గోదాముకు పోయి ఆ తొట్టి మొత్తం పారబోయించాను. కడిగించి, కొత్త బెల్లం నీళ్లు పోయించాను. కరక్కాయ కుండను మేస్త్రి దూరంగా జరిపాడు. చల్లేవాటికి ముప్పై కడవలు విడిగా ఉంచి, తక్కిన నాలుగు కడవలూ గోడ నీడన పెట్టించి, పక్కన ఒక చెంబు పెట్టాను.

"ఇవి తాగడానికి," అన్నాను.

ఎవరూ కదలలేదు. చెక్కలు ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. అక్క కూర్చునే చోటు వరసలో ఖాళీగా వదిలేశారు.

చివరికి అవ్వ లేచి వచ్చింది. చెంబు ముంచింది.

"ఈ దరం ఏమీ కలపలే గదా, కణక్కన్నా?"

"లేదవ్వా."

నా ముఖం వైపు చూసింది. చెంబు పైకెత్తకుండా వేలు ముంచి నాలిక కొసన రాసుకుంది. నోరు మూసుకుని ఆ రుచిని కొంతసేపు చూసింది. తరవాత వెనక్కి తిరిగి, "రాండి," అంది. ఒక్కొక్కరే వచ్చారు. ప్రతి ఒక్కరూ ముందు వేలు ముంచి చూసుకుని, ఆ తరవాతే తాగారు.