జేజి సమాధి, సర్కారు విమానం

మా నాయన తల్లికి, అంటే మా జేజికి, ఒళ్ళంతా బొల్లి. బతికున్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. ఆమె చేతి సంగటి ముద్ద తిననివాడు ఊళ్ళో లేడు. చచ్చి చేలో పూడ్చాకే అందరికీ ఆ మచ్చలు గుర్తొచ్చాయి, వాళ్ళ నోళ్ళు పడ! బొల్లి ఉన్న మనిషిని మట్టిలో పెడితే మబ్బు తప్పుకుంటుందని మా డోన్ వైపు పాత నమ్మకం. తవ్వి తీసి కాలిస్తేనే వానట.

ఆ ఏడు శెనక్కాయ చేలు మాడుతుంటే పెద్దమనుషులు మా అరుగు మీదకొచ్చి కూర్చున్నారు. నాయన పేపరు తెచ్చి వాళ్ళ ముందు పరిచాడు. కరువు జిల్లాల్లో మేఘమథనానికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు పెడుతోందని, విమానం మబ్బుల్లో మందు చల్లుతుందని అందులో ఉంది.

"ఇమానం వచ్చేదాంక మా యమ్మను ముట్టొద్దండప్పా," అన్నాడు.

సరేనన్నారు. ఒక మధ్యాహ్నం విమానం వచ్చి మబ్బులో దూరింది. అది కనబడకపోయినా మోత మాత్రం మా నెత్తిన తిరుగుతూనే ఉంది. సాయంత్రం వాన పడింది. సమాధి మీద తడిసిన మట్టిని నాయన అరచేత్తో అదిమాడు. ఆయనలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో బడ్జెట్ అంటే జేజి సంగతే. హైదరాబాదులో మంత్రి లేచి మేఘమథనం పద్దు చదివితే ఆమె ఇంకో ఏడు మట్టిలో ఉంటుంది. నవ్వొచ్చే మాటే, మాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాతొక ఏడు ఆ పద్దు లేదు. ఆషాఢం ఎండిపోయింది. పెద్దమనుషులు ఈసారి అరుగెక్కలేదు, పారలతోనే వచ్చారు.

"సర్కారు దుడ్లియ్యలేదంట గదప్పా. ఇంగ మేమేం జేసేది?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన, మెల్లగానే.

పట్టపగలే తవ్వారు. నిప్పు నాయన చేతనే పెట్టించారు. పొగ నిటారుగా లేచింది, చుట్టూ ఆకు కదల్లేదు.

మర్నాడు అన్నాల దగ్గర కూర్చున్నాం. పైన అదే మోత. నాయన ఎంగిలి చేత్తోనే బయటికి పరిగెత్తాడు. నల్లమబ్బు ఊరి మీదికి దిగి ఉంది. మోత దాన్లోనే తిరుగుతోంది. ఊరంతా వీధిలోకొచ్చి వింది. వాన మొదలైంది.

"ఒగ దినం ఆగింటే సాలు గదే," అని అమ్మతో అంటూ నాయన బురదలో కూలబడ్డాడు.

తర్వాత నేను కర్నూలు పోయి ఆఫీసులో అడిగాను. ఆ ఏడు జిల్లాకు విమానమే పంపలేదన్నారు. ఇంటికొచ్చి నాయనకు చెప్పాను.

"మల్ల ఆ మోత ఎవరిది?" అన్నాడు.